కారు కారిన వేళ

తెలుగులో 'కారు' అన్న రెండక్షరాల మాటకు ఉన్నన్ని అర్థాలు మరొక చిన్న మాటకు ఉన్నాయా అని నాకు అనుమానం. కారుచీకటిలో అది నలుపు. వానకారులోనూ, ఎండకారులోనూ అది ఋతువు. 'వారు మనవారు కారు' అన్నప్పుడు వ్యతిరేక క్రియ. కుండ కారుతున్నదంటే స్రవిస్తున్నదని. కమ్మరి చేతిలోని పట్టుకారులోనూ ఒక కారు దాగి ఉన్నది. ఇవి చాలవన్నట్టు ఇరవయ్యో శతాబ్దంలో ఆంగ్లభాషనుండి మరొక కారు వచ్చి మన ఇళ్ళముందు నిలిచింది. ముప్పైమూడేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా నానార్థాలు చెప్పి, 2016లో పదవీ విరమణ చేసినవాణ్ణి. 'కారు కారుచున్నది' అని యమకానికి ఉదాహరణ చెప్పి పిల్లలను నవ్వించిన రోజులున్నవి. 2023 వైశాఖంలో ఆ ఉదాహరణ మా వాకిట్లోనే సిద్ధించింది.

మిత్రులారా, ఈ టపాలో సాహిత్యం పాలు తక్కువ, ఇనుము పాలు ఎక్కువ. పద్యమో వ్యాకరణమో ఉంటుందని వచ్చినవారు మన్నించాలి. అయినా ఇంట్లో కారు రేడియేటరు మార్చుకోవటం ఎట్లాగో తెలుగులో వ్రాసి పెడితే ఎవరికైనా ఎప్పుడైనా పనికి వస్తుందన్న ఆశతో వ్రాస్తున్నాను.

మాది తెనాలికి దాపున ఒక పల్లె. మా బండి 2004లో కొన్న ఎనిమిదివందల సీసీల చిన్నకారు, ఒకప్పుడు మన వీధులలో ఎటు చూసినా కనిపించినదే. అందులో ఏసీ లేదు. పదిహేనేళ్ళ గడువు ముగియగానే 2019లో రిజిస్ట్రేషను పొడిగించుకున్నాము. అమ్మితే ఏపాటి వస్తుందో మా అబ్బాయి ప్రతి సంక్రాంతికీ లెక్క వేసి చెబుతుంటాడు. కాని ఆ బండిని నేను విలాసానికి ఉంచుకోలేదు. మా శ్రీమతికి 2021నుండి మూత్రపిండాలు పనిచేయటం లేదు. వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాలలో, గుంటూరులో డయాలసిస్ చేయించాలి. ఉదయం ఆరుగంటల వంతు మాది. నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండి లేచేసరికి ఆవిడకు రక్తపోటు పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. వెనుక సీటులో దిండు పెట్టి పడుకోబెట్టి, గతుకు గతుకునా వేగం తగ్గించుకుంటూ తీసుకురావాలి. ఈ పనిని బస్సు చేయలేదు. అద్దెకారు చేయగలదు కాని, తెల్లవారుఝామున నాలుగున్నరకు మా పల్లెకు వస్తామన్నవారు అందరూ వచ్చినవారు కారు. (చూశారా, ఇక్కడ ఇంకొక కారు!)

శనివారం మధ్యాహ్నం ఇల్లు చేరిన తరువాత బండి కింద మడుగును మొదట చూసినది ఆవిడే. అందులో వింత లేదు. వైద్యులు ఆవిడకు రోజుకు ఒక్క లీటరు ద్రవపదార్థమే అనుమతించారు. కాఫీ, మజ్జిగ, మాత్రలు మింగే గుక్కెడు నీళ్ళు, అన్నీ ఆ లీటరులోనే. గీతలు గీసిన ఒక సీసాలో పొద్దున్నే నింపుకుని సాయంత్రందాకా ఆ గీతలను చూసుకుంటూ గడుపుతుంది. అందువల్ల నీరు ఎక్కడ ఉన్నా ముందు ఆవిడ కంటనే పడుతుంది. "ఏమండీ, బండికింద నీళ్ళు. పచ్చగా ఉన్నాయి. తీపివాసన వేస్తున్నది" అన్నది.

ఆ మూడు మాటలలో రోగనిర్ధారణ దాదాపు పూర్తయినట్టే. ఏసీ ఉన్న బండ్లకింద నీరు చేరటం సహజం. అది గాలిలోని చెమ్మ, దానికి రంగూ వాసనా ఉండవు. మా బండికి ఏసీయే లేదు. పచ్చగా, జిడ్డుగా, తియ్యని వాసనతో ఉన్నదంటే అది కూలెంటు. పక్కనున్న చిన్న ప్లాస్టిక్ తొట్టిలో మట్టం కనిష్ఠరేఖకు దిగువకు పోయింది. ఇంజను నూనె మూత తీసి చూశాను. లోపల మీగడవంటి తెల్లని జిగురు ఉంటే నీరు నూనెలో కలుస్తున్నదని, ఇంజను తలకాయ కిందనున్న గాస్కెట్టు పోయిందని అర్థం. అదృష్టవశాత్తు అటువంటిదేమీ లేదు. కారుతున్నది బయటికే.

మా ఎదురింటి అబ్బాయి ట్రాక్టరు తోలుతాడు. ఎనిమిదినుండి పదివరకు నా దగ్గరే చదివాడు. పిలవగానే టార్చిలైటు పట్టుకు వచ్చి, బండిని కాసేపు నడిపించి, ముందుభాగానికి చెవి ఒగ్గి, "వినండి మాస్టారూ, స్ అంటంది" అన్నాడు. విన్నాను. రేడియేటరు పైతొట్టికి, గొట్టం తగిలించే మెడ దగ్గర, వెంట్రుకవాసి పగులు. అందులోంచి దారంలాగ ఆవిరి. శషసహలను మన వ్యాకరణం ఊష్మములని ఎందుకన్నదో ఆ క్షణాన చెవికి తెలిసింది. ఊష్మమంటే వేడి ఊపిరి.

ఊరి మెకానిక్కు బంధువుల పెళ్ళికి పోయి బుధవారంగాని రానన్నాడు. ఫోనులోనే ఒక చిట్కా చెప్పాడు: గుప్పెడు పసుపు రేడియేటరులో పోయండి, పగులు పూడుతుంది. ఈ చిట్కా కొత్తది కాదు. పసుపు, మిరియాలపొడి, కోడిగుడ్డు తెల్లసొన ఇటువంటివన్నీ దారిలో చిక్కుకున్న లారీడ్రైవర్లు దశాబ్దాలుగా వాడుతున్నవే. నీటితోపాటు తిరిగి, రంధ్రం దగ్గర చేరి, వేడికి ముద్దకట్టి, బెజ్జాన్ని మూస్తాయి. చిక్కేమిటంటే పసుపుకు పగులేదో నాళమేదో తెలియదు. సన్నని నాళాలను కూడా అదే శ్రద్ధతో మూసివేస్తుంది. అర్ధరాత్రి అడవిదారిలో నిలిచిపోయినవానికి అది ప్రాణరక్ష కావచ్చు. ఇంటిముందు బండి పెట్టుకున్నవాడు చేయదగిన పని కాదు.

మా అబ్బాయి హైదరాబాదునుండి, "నాన్నా, మంగళవారానికి టాక్సీ పెట్టండి. ఈ వయసులో మీకు ఆ పానాలెందుకు?" అన్నాడు. వాడి బాధ వాడిది. అయితే శనివారంనుండి మంగళవారందాకా ఉన్న ఎడమే వారంలోకెల్ల పెద్ద ఎడం. మిగిలిన రెండుసార్లు ఒకరోజు విరామం. ఇక్కడ రెండు రోజులు. ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండెకు భారం. ఆ మంగళవారపు వంతు తప్పటానికి వీలులేదు. వస్తాడో రాడో తెలియని డ్రైవరుకోసం వీధి అరుగుమీద కూర్చుని ఎదురుచూడటంకంటే రెండు రోజులు చేతులు నల్లచేసుకోవటమే మేలని నాకు తోచింది. "ట్రాక్టరుకు నేను మార్చుకోలేదా? దీనికీ అంతే మాస్టారూ" అని ఎదురింటి అబ్బాయి భరోసా ఇచ్చాడు. అయినా నమ్మకమైన అద్దెకారువాని నంబరు ఒకటి కాగితంమీద వ్రాసి గోడకు అంటించాను. ధైర్యం వేరు, మొండితనం వేరు.

ఇక ఈ రేడియేటరన్నది ఏమిటో కాస్త చెప్పుకుందాము. ఇంజనులో మండిన పెట్రోలు శక్తిలో స్థూలంగా మూడోవంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరొక మూడోవంతు పొగగొట్టంద్వారా పోతుంది. మిగిలిన మూడోవంతు వేడి ఇంజను లోహానికే అంటుకుంటుంది. దానిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే లోహం వ్యాకోచించి, పిస్టన్లు బిగుసుకుపోతాయి. కనుక ఇంజను చుట్టూ నీరు తిరుగుతుంది. ఆ నీరు వేడిని ఎత్తుకుని బండి ముందున్న జాలీ వెనుకకు వస్తుంది. అక్కడ సన్నని నాళాలగుండా దిగుతుండగా నాళాలమధ్యనున్న పలుచని రేకులమీదుగా గాలి వీస్తుంది. నీరు చల్లబడి తిరిగి ఇంజనులోకి పోతుంది. రేడియేటరంటే వికిరణం చేసేదని అర్థం కాని, నిజానికి అది వేడిని ఎక్కువగా గాలికి అప్పగిస్తుందే తప్ప కిరణాలుగా వెదజల్లేది స్వల్పం. అంటే అది అపనామధేయం. మా భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఉష్ణవినిమాయకం అనేవాడు. ఆ మాట నాకు నచ్చేది కాని ఆటోనగరులో ఆ పేరుతో అడిగితే వస్తువు దొరకదు కదా!

1886లో కార్ల్ బెంజ్ నడిపిన మూడుచక్రాల బండిలో నీరు మరిగి ఆవిరై పోతూ ఉండేది; మాటిమాటికీ నీళ్ళు పోసుకోవలసి వచ్చేది. తేనెపట్టు ఆకారపు రేడియేటరును విల్హెల్మ్ మైబాఖ్ రూపొందించాడు. 1901లో వచ్చిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారులో ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 కలిపి పెట్టాడు. నీరు తక్కువ, గాలికి తగిలే తలం ఎక్కువ. నేటి రేడియేటర్ల వెనుక ఉన్న సూత్రం అదే.

పూర్వం వీటిని రాగి, ఇత్తడి రేకులతో చేసి సీసం కలిసిన టంకంతో అతికేవారు. కారితే మన బజారులో టంకంవాడు మళ్ళీ అతికేవాడు. ఇప్పుడు నాళాలు అల్యూమినియానివి, తొట్లు ప్లాస్టిక్కువి. మధ్యన రబ్బరుచుట్ట పెట్టి, అంచులు మడిచి బిగిస్తారు. తేలిక, చవుక. కాని ఏళ్ళ తరబడి వేడికి ఉడికి, చల్లారి, మళ్ళీ ఉడికిన ప్లాస్టిక్కు పెళుసెక్కి పగులుతుంది. జిగురుతో అతికితే ఒత్తిడికి ఆగదు. మార్చటమే మార్గం.

ఆ ఒత్తిడి సంగతి కూడా చెప్పాలి. మా బండి రేడియేటరు మూతమీద 0.9 అని అంకె ఉన్నది. వాతావరణపు ఒత్తిడికి పైన అంత ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుందని అర్థం. ప్రెషర్ కుక్కరు సూత్రమే: ఆ ఒత్తిడిలో మామూలు నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 118 డిగ్రీల సెల్సియస్‌దాకా మరగదు. అందుకే వేడిమీద మూత తీయరాదు. తీసిన క్షణాన ఒత్తిడి పోయి, లోపలి ద్రవమంతా ఒక్కసారి మరిగి ముఖాన చిమ్ముతుంది. ఈ వాక్యం ఒక్కటి గుర్తుంచుకుని మిగిలిన టపా మరచిపోయినా నాకు సంతోషమే.

ఆదివారం తెల్లవారుఝామున, రాత్రంతా చల్లారిన బండిదగ్గర మొదలుపెట్టాము. ముందుగా బ్యాటరీ ఋణధ్రువపు తీగ విప్పాము. రేడియేటరు వెనుకనున్న పంకా విద్యుత్తుతో తిరిగేది. కొన్ని బండ్లలో తాళంచెవి తీసినా అది తిరగవచ్చు. వేళ్ళు అక్కడే ఉంటాయి కదా! తరువాత మూత తీసి, అడుగున వెడల్పాటి బేసిను పెట్టి, కిందనున్న మర విప్పాము. పచ్చని కూలెంటు ధారకట్టి దిగింది. అడుగున తుప్పురంగు మడ్డి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కూలెంటులో ముఖ్యమైనది ఇథిలీన్ గ్లైకాల్. రుచికి తియ్యన, గుణానికి విషం. కుక్కలు తీపికి ఆశపడి నాకుతాయి, పిల్లులూ నాకుతాయి; పసిపిల్లలు వేలితో అద్దుకుంటారు. ఒంట్లోకి పోయినది ఆక్సలేటు స్ఫటికాలై మూత్రపిండాలనే చెడగొడుతుంది. ఆ విషం ఎక్కినవారికి చేసే చికిత్సలలో డయాలసిస్ కూడా ఒకటి. ఈ సంగతి తెలిసినందువల్ల శనివారమే మా ఆవిడ మడుగుమీద బూడిద పోయించి, ఎత్తించి, ఆ చోటు కడిగించింది. వీధికుక్క ఒకటి అప్పటికే అటు చూస్తున్నది. "దాన్ని ఎవరు తీసుకుపోతారండీ గుంటూరికి?" అన్నది. నవ్వటానికే అన్నది కాని మాకిద్దరికీ నవ్వు రాలేదు.

పై గొట్టం, కింది గొట్టం తరువాతి పని. వాటిని పట్టి ఉంచే తీగక్లిప్పులను ప్లయరుతో నొక్కి వెనుకకు జరపాలి. ఏళ్ళుగా ఉన్న రబ్బరు మెడకు అతుక్కుని ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి తన్నకుండా, రెండు చేతులా పట్టి అటూ ఇటూ మెలితిప్పితే వదులుతుంది. ఇంజనువైపున్న మెడ విరిగితే పని రెట్టింపవుతుంది. సంధి విడదీయటంలో ఓర్పు కావాలని తరగతిలో చెప్పేవాణ్ణి; ముందు ఏ అచ్చు ఉన్నదో, తరువాత ఏది వచ్చిందో చూడకుండా లాగితే మాట చెడుతుంది. ఇక్కడా అంతే. కింది గొట్టం ఊడగానే మిగిలిన కూలెంటు బుడుంగున పడింది. చిన్న తొట్టికి పోయే సన్నని గొట్టం తీసి, పంకా తీగల జోడు విడదీసి, పదో నంబరు పానాతో పై బోల్టులు విప్పి, ఇద్దరం చెరోవైపు పట్టి నిలువుగా పైకి లేపాము. కింద రబ్బరు దిమ్మెలలో కూర్చుని ఉన్న రేడియేటరు నెమ్మదిగా బయటికి వచ్చింది. అబ్బాయి దానిని అరుగుమీద పెట్టి, "ఇంతేనా మాస్టారూ!" అన్నాడు. తీసినంత సులువుగా పెట్టగలమా అన్నది నా మనసులో మాట.

ఆదివారం కొట్లు ఉండవు. పాతదానిని గోనెసంచిలో చుట్టి, సోమవారం మొదటి బస్సులో విజయవాడ జవహర్ ఆటోనగరుకు పోయాను. ఎన్నడూ చూడనివారికి ఆ ప్రపంచాన్ని చెప్పటం కష్టం. ఒక వీధి అంతా లారీ స్ప్రింగులు, ఒక వీధి అంతా సీట్లు, ఒక సందునిండా రేడియేటర్లు. అందులో ప్రతి పనికీ ఒక భాష ఉన్నది. ట్యాంకు, కోరు, మెడ, జాలీ. వానిలో ఏది తెలుగు, ఏది ఇంగ్లీషు అని ఎవరూ అడగరు. నిఘంటువులకెక్కని తెలుగు ఇంత ఉన్నదా అని నేను నిలబడి వింటూనే ఉన్నాను. కొట్టులోని పెద్దాయన గోనెసంచి విప్పి, కొత్తదానిని పక్కన పెట్టి, "కొలత చూసుకోండి గురువుగారూ, మెడలు, చెవులు, మర, అన్నీ చూసుకోండి" అన్నాడు. పాతది వెంట తీసుకుపోవటంలో లాభం ఇదే. పేరూ సంవత్సరమూ చెబితే ఇచ్చేది ఒక్కొక్కప్పుడు సరిపడదు; వస్తువును వస్తువుతో పోలిస్తే సందేహం ఉండదు. రేడియేటరు, కొత్త మూత, రెండు గొట్టాలు, క్లిప్పులు, రెండు లీటర్ల గాఢ కూలెంటు, అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటరు తీసుకుని మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాను. ఎండ నిప్పులు చెరుగుతున్నది.

గొట్టాలు బాగానే ఉన్నట్టు కనిపించినా మార్చటం మంచిది. నొక్కితే గట్టిగా చిటపటమన్నా, మరీ మెత్తగా ఉన్నా దాని కాలం తీరినట్టు. బోరునీరు పోయకూడదన్నది మరొక ముఖ్యవిషయం. మా ప్రాంతపు బోరునీటిలో లవణాలు ఎక్కువ. కాఫీగిన్నె అడుగున తెల్లగా పట్టే గారే రేడియేటరు నాళాలలోనూ పడుతుంది, అల్యూమినియాన్ని తింటుంది. గాఢ కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో సమపాళ్ళలో కలపాలి. ఆ మిశ్రమం ఒత్తిడి లేకుండానే సుమారు 107 డిగ్రీలదాకా మరగదు. సున్నకు దిగువన 37 డిగ్రీలదాకా గడ్డకట్టదు కూడా. గుంటూరు జిల్లాలో ఆ గుణంతో మనకు అవసరం పడదనుకోండి. మనకు ముఖ్యమైనది అందులోని తుప్పునిరోధక ద్రవ్యాలు.

కొలిచే పని మా ఆవిడ తీసుకున్నది. తన సీసాతోనే డిస్టిల్డ్ వాటరు కొలిచి పోసింది. సీసాను మాత్రం కూలెంటుకు తాకనివ్వలేదు. దానికి వేరే డబ్బా గీతలు గీసి ఇచ్చింది. "ఒకటి" అని పోసింది. "రెండు" అని పోసింది. తాను రెండు రోజులకు తాగవలసినంత నీరు రెండు నిముషాలలో బకెట్టులో పడుతుంటే ఆవిడ ముఖంలోకి చూడలేక నేను క్లిప్పులు వెతుక్కున్నాను. ఆవిడ గ్రహించింది. "దాని దాహం దానిది లెండి. కానివ్వండి" అన్నది.

బిగించటం విప్పినదానికి విలోమం. పాతదాని పంకాను విప్పి కొత్తదానికి అమర్చాము. రబ్బరు దిమ్మెలలో నిలబెట్టి, బోల్టులు బిగించి, గొట్టాలు మెడ అంచు దాటేదాకా లోపలికి తోసి, క్లిప్పులు ఆ అంచుకు ఇవతల పడేటట్టు చూశాము. అడుగుమర ప్లాస్టిక్కుది, చేతిబిగువు చాలు. మిశ్రమాన్ని గరాటుతో సన్నధారగా పోశాము. ఇక అసలు మెలకువ గాలి తీయటం. లోపల గాలిబుడగ చిక్కితే నీరు తిరగదు. కొత్త రేడియేటరు ఉన్నా ఇంజను కాగిపోతుంది. అందుకని మూత పెట్టకుండా, చల్లటి ఇంజనును మొదలుపెట్టి, ఊరికే తిరగనివ్వాలి. హీటరు ఉన్న బండ్లలో దానిని కూడా పూర్తిగా తెరిచి ఉంచాలి. చాలా చిన్నకార్లలో 80 డిగ్రీల పైచిలుకున థర్మోస్టాటు తలుపు తెరుచుకుంటుంది. అంతదాకా చల్లగా ఉన్న గొట్టం వేడెక్కుతుంది, మెడలో బుడగలు వచ్చి మట్టం కుంగుతుంది. కుంగినంత పోస్తూ, చేతికి గుడ్డ చుట్టి పై గొట్టాన్ని మెల్లగా పిసుకుతూ, బుడగలు ఆగేదాకా ఆగాము. ముఖం మెడకు పైన పెట్టకుండా పక్కగా నిలబడటం మంచిది. బుడగలు ఆగగానే మూత బిగించి, చిన్న తొట్టిలో గీతదాకా నింపి, పంకా దానంతట అది తిరిగి ఆగేదాకా చూశాము. ఆగింది. టార్చిలైటుతో ప్రతి సంధీ వెతికాము. పొడిగా ఉన్నది. రాత్రి తొమ్మిదైంది.

మంగళవారం నాలుగింటికి లేచి బండి కింద పరిచిన పాత పేపరు చూశాను, చుక్క లేదు. చల్లారిన ఇంజనుమూత తీస్తే మట్టం అరవేలు తగ్గింది. ఇది సహజం, మిగిలిన గాలి బయటికి పోయిందని. నింపి, మిగిలిన డిస్టిల్డ్ వాటరు డిక్కీలో పెట్టుకుని బయలుదేరాము. దారిపొడుగునా నా చూపు సగం రోడ్డుమీద, సగం ఉష్ణమాపకపు ముల్లుమీద. ముల్లు సగానికి కొంచెం దిగువన నిలిచి కదలలేదు. ఆరుకు పది నిముషాలు ఉండగా ఆసుపత్రి చేరాము. బరువు తూచారు. రెండురోజుల నీరు మూడు కిలోలు తేలింది. "పరవాలేదు, టైముకు వచ్చారు" అన్నది నర్సమ్మ.

ఆ నాలుగు గంటలు నేను బయట కూర్చోవటం మామూలు. ఆ వేళ మాత్రం గాజుతలుపులోంచి ఆ యంత్రాన్ని చూస్తూ నిలబడ్డాను. డయలైజరు ఒక మూరెడుకంటే పొట్టి గొట్టం. లోపల వెంట్రుకలవంటి బోలు పోగులు వేలకొలది. పోగుల లోపల రక్తం, వెలుపల వేరొక ద్రవం ఎదురుదిశలో. నిముషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం ఇటు, 500 మిల్లీలీటర్ల ద్రవం అటు. రెండూ కలవవు; మధ్యనున్న పలుచని గోడద్వారా మాలిన్యం అటు పోతుంది. నాళంలోపల ఒకటి, వెలుపల ఒకటి, మధ్యన సన్నని గోడ. ముందురోజు రాత్రి నా ఒళ్ళో ఉన్న వస్తువుకూ దీనికీ రూపంలో ఎంత చుట్టరికం! అది వేడిని దించుతుంది, ఇది విషాన్ని దించుతుంది.

ఈ చుట్టరికం నా ఊహ మాత్రమే కాదు. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే చిన్న ఊరిలో విలెం కోల్ఫ్ అన్న వైద్యుడు కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. యుద్ధకాలం, ఏమీ దొరకదు. మాంసపు సాసేజీలు చుట్టే సెల్లోఫేను గొట్టాన్ని ఒక డ్రమ్ముచుట్టూ చుట్టి, అందులో రక్తం పారించి, ఆ డ్రమ్మును ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. తిరిగే డ్రమ్ములోకి రక్తాన్ని కారకుండా పంపించటం ఎట్లా అన్నది చిక్కుముడి. ఆ ముడిని విప్పటానికి ఫోర్డు కారు నీటిపంపులోని అమరికను అనుకరించాడు. ఇంజను చల్లబరిచే నీరు కారకుండా చేసిన ఉపాయమే మనిషి రక్తం కారకుండా కాచింది. మొదటి రోగులలో పదిహేనుగురు దక్కలేదు. అయినా ఆయన మానలేదు. 1945లో 67 ఏళ్ళ ఒక స్త్రీ ఆ యంత్రంతో కళ్ళు తెరిచి బతికింది. ఈ సంగతి మునుపు చదివినదే అయినా, చేతిగోళ్ళలో ఇంకా నలుపు ఉన్ననాడు తలచుకుంటే వేరుగా ఉన్నది.

పండితశిక్షణలో మాకు నేర్పినది మాట. చేతిపని మరొకరిదని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కాని ఆ భావం గాలిలో ఉండేది. కంసాలి, కమ్మరి, టంకంవాడు కావ్యాలలో ఉపమానాలుగా వస్తారు. పక్కన కూర్చుని పానా అందించమని అడగరు. ఎదురింటి అబ్బాయి పదో తరగతిలో ఛందస్సుకు భయపడి నా కంట పడకుండా తిరిగేవాడు. ఆ రెండు రోజులూ వాడు, "అట్లా కాదు మాస్టారూ, ఎడంగా పట్టుకోండి, లూజు ఇవ్వండి, ఇప్పుడు తోయండి" అని చెబుతుంటే నేను చేశాను. పని అయిన తరువాత వాని చేతిలో డబ్బు పెట్టబోతే పుచ్చుకోలేదు. "అమ్మగారు బాగుండాలి, అంతే" అన్నాడు. వాని కూతురు ఇప్పుడు ఎనిమిదో తరగతి. రోజూ సాయంత్రం వచ్చి తెలుగు చదువుకుంటున్నది. లెక్క సరిపోయిందని నేను అనుకోవటం లేదు. కొంత దిగిందని మాత్రం అనుకుంటున్నాను.

చివరిగా, ఇంట్లో ఈ పని తలపెట్టేవారికి నాలుగు మాటలు. పాత కూలెంటును మురుగుకాలవలో పోయకండి. మూతగట్టి డబ్బాలో పోసి, పైన 'విషం' అని వ్రాసి, నూనెలు మార్చే గ్యారేజీవారికి అప్పగించండి. కొత్త కూలెంటు డబ్బామీద వ్రాసిన గడువు చూసి మార్చుకోండి. రంగులు కలపకండి, పచ్చదానిలో ఎర్రది పోస్తే అన్నివేళలా పొసగదు. ఏసీ ఉన్న బండ్లలో రేడియేటరుకు ముందు కండెన్సరు ఉంటుంది. దాని గొట్టాలలో ఒత్తిడిమీద వాయువు ఉంటుంది కనుక వాటిని విప్పకూడదు. ఆటోమేటిక్ గేర్ల బండ్లలో గేరునూనె గొట్టాలు కూడా రేడియేటరుకు కలిసి ఉండవచ్చు; అటువంటివి తెలిసినవారికే వదలండి.

మా బండి రిజిస్ట్రేషను గడువు 2024లో మళ్ళీ వచ్చింది. తనిఖీకి తీసుకుపోయి, పొడిగించుకుని వచ్చాము. అబ్బాయి ఈసారి లెక్క వేయలేదు. ప్రతి మంగళ, గురు, శనివారాలలో నాలుగింటికి లేచి మొదట బండి కిందికి వంగి చూడటం నాకు నిత్యకృత్యమైంది. మా ఆవిడ లోపలినుండి, "ఉన్నదా?" అంటుంది. "లేదు" అంటాను. మా ఇంట్లో లేదు అన్న మాట ఇంత శుభంగా మరెప్పుడూ వినబడదు.

స్వస్తి. బండ్లు తెలిసినవారు ఎవరైనా ఇందులో చేర్చవలసినవి ఉంటే వ్యాఖ్యగా వ్రాయగలరు.